సముద్రం దాకా తెచ్చిన అబద్ధం

పోయిన వారం భాగంలో స్వర్ణను నల్లగొండ స్టేషన్లో రైలెక్కించి వదిలాం. పక్కన భర్త విజేందర్, ఎదుటి సీట్లో అత్త యాదమ్మ, కిటికీ దగ్గర పదేళ్ళ కూతురు రూతు. ఆ నలుగురిలో సముద్రం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చిట్యాల దగ్గరి రాళ్ళకుంటలో స్వర్ణ నడిపే పాల కేంద్రం తాళాలు తండ్రి ఏసోబు చేతికి వచ్చాయి. ఊరి వెనక వాగు ఒడ్డున మందుల కంపెనీ రెండో యూనిట్ కడతానంటోంది. దాని మీద జరగాల్సిన ప్రజాభిప్రాయ సేకరణ పదిహేను రోజులు వాయిదా పడిందని కబురు తెచ్చినవాడు విజేందర్. ఆ సభలో ఊరి తరఫున మాట్లాడాల్సింది స్వర్ణ. వాయిదా పడింది కదా అనే ఆమె బయలుదేరింది. లేకపోతే ఆ వారంలో ఇల్లు కదిలే మనిషి కాదు.

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు వాళ్ళ ఆటో రుషికొండ మలుపు తిరిగింది.

ముందు కొండ కనిపించింది. అది పక్కకు తప్పుకోగానే ఇక అంతా నీళ్ళే. రూతు వేసిన కేకకు ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. యాదమ్మ మాత్రం ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, ఎవరి ఇంటికో పిలవకుండా వచ్చినట్టు బెరుగ్గా చూస్తూ ఉండిపోయింది.

నిన్నంతా విశాఖపట్నంలో తిరిగారు. జూ చూశారు, కొండ మీదికెక్కారు. సముద్రం దూరం నుంచి కనపడుతూనే ఉన్నా దిగింది లేదు. "స్నానాలకు రుషికొండనే మంచిగుంటదంట. పిల్లలకు భయముండదు, ఇసుక సాఫుగుంటది" అని విజేందర్ ఆపాడు. ఎవరిని అడిగి తెలుసుకున్నాడో గానీ అతను చెప్పింది నిజమే. మెట్లు దిగితే మెత్తటి ఇసుక వాలుగా నీళ్ళ దాకా పరుచుకుని ఉంది. జూన్ మొదటి వారం, బడులు తెరవడానికి ఇంకా ఏడెనిమిది రోజులుంది. ఎటు చూసినా పిల్లలు, పిల్లల వెనక చెప్పులు చేత పట్టుకున్న తల్లులు. మబ్బు పట్టి ఎండ పెద్దగా లేదు. పాతిన జెండాలు దాటి ఎవరైనా లోపలికి పోతే పసుపు చొక్కాల కాపలావాళ్ళు ఈల ఊదుతున్నారు.

యాదమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నీళ్ళకు పది అడుగుల దూరంలో నిలబడింది. అల ఒకటి వచ్చి ఆమె పాదాలు తడిపి, కాళ్ళ కింది ఇసుకను లాక్కుని వెనక్కి పోయింది. ముసలామె తూలి కోడలి భుజం పట్టుకుంది.

"ఓయమ్మో! గింతగనం నీళ్ళా స్వర్ణా! మనం బిందె నీళ్ళకు బోరింగు కాడ ఎంత కొట్లాడినమే. గీడ చూడు, ఎవలకు పట్టనట్టు పడున్నయి."

"తాగనీకె రావత్తమ్మా. ఉప్పగుంటయి."

"ఉప్పగుంటేంది, నోట్లె ఏసుకుంటే తెలుస్తది గదా." యాదమ్మ వంగి దోసిట్లోకి తీసుకుని నాలిక మీద పెట్టుకుంది. వెంటనే ఉమ్మేసింది. తర్వాత తనే పడి పడి నవ్వింది. అరవై ఏళ్ళ అత్త అలా నవ్వడం స్వర్ణ అంతకుముందు చూడలేదు.

విజేందర్ కూతుర్ని భుజాల మీద కూర్చోబెట్టుకుని మోకాళ్ళ లోతు దాకా వెళ్ళాడు. అల వచ్చినప్పుడల్లా రూతు "డాడీ, ఇంకా! ఇంకా!" అని అరుస్తోంది. కాసేపటికి కూతుర్ని దింపి స్వర్ణ దగ్గరకు వచ్చి చెయ్యి చాపాడు.

"రా."

"వద్దయ్యా. చీర తడుస్తది."

"తడిస్తే ఆరుతది. గింత దూరమొచ్చి ఒడ్డుకే నిలవడ్తవా?"

ఆమె చెయ్యందించింది. పెళ్ళయి పన్నెండేళ్ళయింది. నలుగురి ముందు విజేందర్ ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. కంపెనీ మొదటి యూనిట్ కూలీల బస్సు నడిపి నడిపి అతని అరచేయి గట్టిపడిపోయింది. ఆ గట్టిదనం ఆమెకు హాయిగా అనిపించింది. మూడేళ్ళుగా మోస్తున్నదంతా కాసేపు తేలికైంది. వాగు మీద తేలే తెల్లటి నురగ, ఆ నీళ్ళు తాగి నెలలు నిండకుండానే దూడల్ని పోగొట్టుకున్న పందొమ్మిది బర్రెలు, పాల కేంద్రంలో రోజు రోజుకూ తరిగిపోయే క్యాన్లు. మొదట అర్జీ పెట్టాలనుకున్నప్పుడు ఆమెకు సర్కారు భాషలో రాయడం చేతకాలేదు. చేతిరాత బాగుంటుందని విజేందరే కూర్చుని రాసిచ్చాడు. కంపెనీ బస్సు నడుపుతూ కంపెనీ మీదే అర్జీ రాసిచ్చిన మనిషి అని ఊళ్ళో అందరికీ గర్వంగా చెప్పుకునేది.

స్నేహితురాలు హలీమా కూడా ఉంటే బాగుండేదనుకుంది. దూడల్ని పోగొట్టుకున్న ఆ బర్రెల్లో రెండు హలీమావే. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి సంతకాలు చేయించినప్పుడు ఇద్దరూ కలిసే తిరిగారు. ఆదివారం నుంచి స్వర్ణ ఆమెకు నాలుగుసార్లు ఫోన్ చేసింది. హలీమా ఎత్తలేదు. తనను వదిలి సముద్రానికి పోయానని అలిగిందేమో, పోయేటప్పుడు గవ్వల దండ ఒకటి కొనుక్కుపోయి బుజ్జగించాలి.

పదిన్నర దాటాక రూతుకు ఆకలైంది. విజేందర్ మరమరాల మురీ మిక్చర్ తెస్తానని కూతుర్ని వెంటబెట్టుకుని పైనున్న బండ్ల దగ్గరికి వెళ్ళాడు. స్వర్ణ, యాదమ్మ తువ్వాలు పరుచుకుని ఇసుకలో కూర్చున్నారు. యాదమ్మ కాళ్ళు చాపుకుని, తడి ఇసుకను మోకాళ్ళ మీద పోసుకుంటూ, చిన్నపిల్లలా ఆడుకుంటోంది.

"రేపు గూడ పొద్దుందాంక ఈడనే ఉందాం బిడ్డా" అంది. "రైలు సాయంత్రమే గదా. ఇగ ఇయ్యాలటితోని ఫికరంత పాయె. మీటింగు అయిపోతే నిన్ను ఎవ్వలేమనరు. నిమ్మలంగ ఇంటికి పోవచ్చు."

స్వర్ణకు మొదట ఆ మాట ఎక్కలేదు. అల మీదే చూస్తూ, "ఏ మీటింగత్తమ్మా?" అంది.

"గదే, కంపెనీది. బడి గ్రౌండుల పెడ్తాండ్రు గదా ఇయ్యాల."

స్వర్ణ తల తిప్పి ఆమె మొహం చూసింది. "ఇయ్యాల కాదు. పదిహేను దినాలు ముందలికి జరిపిండ్రు."

యాదమ్మ చేతిలోని ఇసుక ఆగింది. తాను ఏదో అనకూడనిది అన్నానని ఆమెకప్పుడు తెలిసింది. కానీ తెలిశాక అబద్ధం ఎలా ఆడాలో ఆమెకు తెలియలేదు.

"విజ్జిగాడు... నీకు చెప్పలే?"

"ఏం చెప్పాలె?"

"నాకేం తెల్వదు బిడ్డా. మీటింగుల నువ్వు మైకు పడితే నిన్ను కొడ్తరంట, గుండాలను తెస్తుండ్రంట అన్నడు. గది అయిపోయేదాంక నిన్ను ఊళ్ళె ఉంచొద్దన్నడు. చెప్తే భయపడ్తది, నువ్వు నోరిడువకమ్మా అని నాతోని ఒట్టు పెట్టించుకుండు. నీ మంచికే అనుకున్న." ఆమె కోడలి చెయ్యి పట్టుకుంది. "నీ మంచికి కాదా స్వర్ణా?"

స్వర్ణ లేచి నిలబడింది. ఎదురుగా విజేందర్ వస్తున్నాడు. ఒక చేతిలో మూడు కాగితం పొట్లాలు, ఇంకో చేతిలో కూతురి చెయ్యి. ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. ఆమె నిలబడ్డ తీరు చూసి పది అడుగుల దూరంలోనే నవ్వు ఆపేశాడు.

"రూతూ, నువ్వు అవ్వ కాడ కూసో" అంది స్వర్ణ. రూతు పొట్లం తీసుకుని నానమ్మ పక్కకు వెళ్ళింది. స్వర్ణ నాలుగడుగులు పక్కకు నడిచింది. అతను వెనకే వచ్చాడు.

"ఇయ్యాల తారీఖెంత?"

"ఎందుకు?"

"ఊళ్ళె ఇయ్యాల మీటింగున్నదా లేదా? ఒక్కటే మాట చెప్పు."

అతను తల్లి వైపు చూశాడు. యాదమ్మ మొహం తిప్పుకుంది.

"ఉన్నది" అన్నాడు.

అన్నాడు, అంతే. అతను ఇంకోసారి అబద్ధమాడితే బాగుండునని స్వర్ణకు ఆ క్షణంలో అనిపించింది. అబద్ధమైతే దాంతో పోట్లాడొచ్చు.

"వాయిదా పడ్డదన్నవ్."

"అన్న."

"నా మొకం చూసి అన్నవ్. అన్నం తినుకుంట అన్నవ్."

"జర నిమ్మలంగ విను స్వర్ణా. రఘుపతి సార్ పిలిచిండు." రఘుపతి కంపెనీ మేనేజరు. "నీ భార్య మైకు పట్టుకుంటే తెల్లారి సంది బస్సు వేరేటోడు నడుపుతడు అన్నడు. గదొక్కటే అయితే నేను పట్టించుకోకపోదును. పోయినేడు నువ్వు, హలీమా కలిసి కంపెనీ ట్యాంకర్ ఆపిండ్రు గదా, దాని మీద కేసు పెట్టించి మిమ్మల్ని జైల్ల ఏపిస్త అన్నడు. కాయితాలు సుత చూపెట్టిండు. రూతు చిన్నది. నువ్వు జైల్ల ఉంటే దానికి ఎవలు దిక్కు? నాకేం తోచలే."

"నాతోని చెప్పాలె గదా."

"చెప్తే వింటవా?"

"వినకపోదును" అంది స్వర్ణ. "గందుకే చెప్పాలె. నా కొట్లాట, నేను జైలుకు పోతనో పోనో నేను జూసుకుంట. నువ్వు గాదు."

దగ్గరలో ఎవరో పిల్లాడి పుట్టినరోజు జరుపుకుంటూ ఇసుకలో కేకు కోస్తున్నారు. చప్పట్లు. విజేందర్ అటు చూసి గొంతు తగ్గించాడు.

"ఇగ అయిపోయింది. ఇప్పుడు ఈడ లొల్లి ఎందుకు? ఆరు నూర్ల కిలోమీటర్ల దూరమున్నం. పిల్ల సముద్రం సముద్రమని రెండేండ్ల సంది అడుగుతాంది. జర సంబరపడనియ్యి."

ఆ మాటకు ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పటిదాకా ఉన్నది కోపం. ఇప్పుడు వేరేది.

"గదే విజేందర్. బిడ్డ ఆశ తీసుకొని నాకు ఎర పెట్టినవ్. ఇప్పుడు అది పెద్దగైనంక నేను మొదటిసారి సముద్రం ఎప్పుడు చూసిన మమ్మీ అని అడిగితే నేనేం చెప్పాలె? మీ డాడీ నా నోరు మూయనీకె తోల్కొచ్చిండే, గప్పుడు చూసినం అని చెప్పాల్నా?"

ఆమె వెనక్కి వచ్చి, యాదమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "అత్తమ్మా, నీ ఫోన్ ఇయ్యి" అంది. తన ఫోన్ హలీమా ఎందుకు ఎత్తడం లేదో ఇప్పుడు కొంచెం కొంచెం తెలుస్తోంది. యాదమ్మ రవికలోంచి చిన్న బటన్ల ఫోన్ తీసి ఇచ్చింది. ఆ నెంబరు హలీమాకు తెలియదు.

ఐదోసారి మోగాక హలీమా ఎత్తింది. వెనక జనం గోల, మైకు కీచుమనే చప్పుడు.

"హలో, ఎవరు?"

"హలీమా, నేను. స్వర్ణను. పెట్టెయ్యకు."

హలీమా జనంలోంచి పక్కకు జరిగినట్టుంది, గోల కాస్త తగ్గింది.

"ఎందుకు చేసినవ్?" అంది హలీమా. "సముద్రం మంచిగున్నదా? ఇసుకల కాళ్ళు మంచిగ కూరుకుపోతున్నయా? ఈడ నేను ఒక్కదాన్నే నిలవడ్డ, ముందల కుర్చీల కంపెనీ మనుషులు, వెనక బెంచీల ఊరు. నీ గురించి అడిగినోళ్ళకు ఏం చెప్పాల్నో తెలుస్తలే."

"నాకు తెల్వదు హలీమా. ఒట్టు. వాయిదా పడ్డదన్నడు."

"ఎవరన్నరు? నీ ఆయన ఐతారం పొద్దున నా గుమ్మం ముందలికొచ్చి నిలవడ్డడు. స్వర్ణ మనసు మార్చుకున్నది హలీమక్కా, నీకు మొకం చూపెట్టలేక పోతాంది, ఏమనుకోకు అన్నడు. నేను నమ్మలే. నమ్మక నీకు చేద్దామనుకున్న. గప్పుడే అర్జీ ఎనక్కి తీసుకున్నవని రఘుపతి ఊరంత చెప్పిచ్చిండు. ఇగ ఏం ముఖం పెట్టుకొని చేయాలె? ఏం మాట్లాడాలె?"

"అర్జీ ఎనక్కి తీసుకునుడేంది?"

"ఆగు. నువ్వే విను. ఇప్పుడే సదువుతుండ్రు."

హలీమా ఫోన్‌ను మైకు వైపు తిప్పినట్టుంది. గాలి చప్పుడు మధ్య ఒక గొంతు, ఏ తడబాటూ లేకుండా చదువుతోంది.

"...రాళ్ళకుంట గ్రామ నివాసి, పాల కేంద్రం నిర్వాహకురాలు శ్రీమతి స్వర్ణ అను నేను, గతంలో ఇచ్చిన అర్జీలోని విషయాలు విచారించగా వాస్తవం కాదని తెలుసుకొని, సదరు అభ్యంతరాన్ని నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా ఉపసంహరించుకుంటున్నాను. బర్రెల దూడల మరణాలకు, పరిశ్రమ నీటికి సంబంధం లేదని..."

స్వర్ణ చెవి దగ్గర ఫోన్ అలాగే ఉంది. అర్జీ రాయడం కూడా చేతకాని తన పేరు మీద, తను ఎన్నడూ అనని మాటలు, తన ఊరి మధ్యలో, తన వాళ్ళందరి ముందు చదువుతున్నారు. పాదాల కిందికి అల వచ్చింది, పోయింది. ఆమెకు తెలియలేదు.

"సంతకం మీ ఆయన సూపిచ్చిండంట. నీదే అన్నడంట" అంది హలీమా గొంతు మళ్ళీ. "మీ బాపు ఎనక బెంచీల తలకాయ దించుకొని కూసున్నడు. పొద్దుటిసంది ఎవ్వల మొకం చూస్తలేడు."

స్వర్ణ ఫోన్ పెట్టెయ్యకుండా చేతిలో పట్టుకునే విజేందర్ వైపు తిరిగింది. అతను వినే ఉంటాడు. ఆ చిన్న ఫోన్ గొంతు పెద్దది, పక్కన నిలబడ్డవాళ్ళకు కూడా వినపడుతుంది.

"ఎవరు రాసిండ్రు గది?"

అతను చేతిలోని పొట్లాల మూతులు మడవసాగాడు.

"సర్కారు మాటల్ల ఎంత మంచిగ రాసిండ్రు. సదరు అని, ఉపసంహరించుకుంటున్న అని. నా మొదటి అర్జీ సుత గట్లనే ఉండె." ఆమె ఒక్కో మాటా ఆగి ఆగి అంది. "నువ్వే రాసినవా?"

"స్వర్ణా..."

"సంతకం?"

"నేనే పెట్టిన" అన్నాడు విజేందర్. ఇసుకలోకి చూస్తూ అన్నాడు. "రూతు ప్రోగ్రెస్ కార్డుల మీద నీ బదులు నేనే పెడ్త గదా ఎప్పుడు. గట్లనే పెట్టిన."

యాదమ్మ చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది. రూతు మిక్చర్ తినడం మానేసి తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూస్తోంది.

స్వర్ణ ఏడవలేదు. ఏడిస్తే టైము పోతుంది. ఫోన్ మళ్ళీ చెవికి పెట్టుకుంది.

"హలీమా, విన్నవా?"

"విన్న." హలీమా గొంతు మారింది. అలక పోయింది, ఇంకేదో వచ్చింది. "యా అల్లా. నేను నిన్ను ఎన్నెన్ని అన్న మనసుల."

"అన్ని తర్వాత తిట్టుకుందాం. గీ ఫోన్ మైకు కాడ పెడ్తవా? స్పీకర్ల ఏసి పట్టు. ఇగ అధికారిని అడుగు."

"ఇయ్యనియ్యరే! ముందల కుర్చీలోళ్ళు అందరు ఒక్కటే."

"అధికారి ఎట్ల? మంచోడేనా?"

"తెల్వదు. ఇంతసేపు సక్కగనే వింటుండు."

"గట్లయితే పో. అడుగు."

హలీమా నడుస్తున్న చప్పుడు. బట్టల రాపిడి. ఎవరో "ఏమ్మా, కూర్చో" అంటున్నారు. తర్వాత హలీమా గట్టిగా: "సార్, ఆ ఉత్తరం ఎవరి పేరు మీదున్నదో ఆమె ఫోన్ల ఉన్నది. మీతోని మాట్లాడ్తదంట." ఒక్కసారి జనం లేచారు. కేకలు. కొంతసేపు ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత కొత్త గొంతు, నెమ్మదిగా, మర్యాదగా.

"అమ్మా, నేను విచారణాధికారిని. ఫోన్లో చెప్పింది మీ వాంగ్మూలంగా రికార్డు చేసుకోవడానికి నిబంధన ఒప్పుకోదు. అది మీకు తెలియాలి. అయితే మీ పేరుతో నా చేతికి ఒక ఉత్తరం వచ్చింది. అది మీది కాదంటే నేను పక్కన పెట్టాల్సి ఉంటుంది. ఇది మీరు రాసిందేనా?"

"కాదు సార్. నేను రాయలే. నాకు ఎరుక సుత లేదు. బర్రెలు ఈసుకపోయి దూడలు చచ్చినయన్నది నిజం, నురగ నిజం. పందొమ్మిది బర్రెలోళ్ళ పేర్లు ఇప్పుడే ఒప్పజెప్త."

"ఆగండి సార్!" ఈ గొంతు స్వర్ణకు తెలుసు. రఘుపతి. "ఫోన్లో ఎవరైనా నేనే స్వర్ణను అని చెప్పొచ్చు. ఎవరినో మాట్లాడిస్తున్నారు. దీన్ని ఎట్లా పరిగణనలోకి తీసుకుంటారు?"

"నేనే సార్, స్వర్ణను..." స్వర్ణ మొదలుపెట్టింది. పూర్తి చేయనవసరం లేకపోయింది. ఎక్కడో దూరం నుంచి, మైకుకు అందనంత దూరం నుంచి, ఒక ముసలి గొంతు అరిచింది.

"నా బిడ్డ గొంతు నాకు తెల్వదా? ఎవలనుకుంటున్నవ్ రా నువ్వు! నా బిడ్డ అది! నా స్వర్ణ!"

ఏసోబు. ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడని మనిషి. చర్చిలో పాట కూడా లోపల్లోపలే పాడుకునేవాడు. ఆ అరుపు వినగానే స్వర్ణకు అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవతల బెంచీలు జరిగిన చప్పుడు, ఒకరి తర్వాత ఒకరు, "ఆమెనే సార్", "స్వర్ణక్కనే", "మా పాలు పోస్తం, మాకు తెల్వదా" అంటున్న గొంతులు.

అధికారి అందర్నీ ఊరుకోబెట్టాడు.

"సరే. గొంతు గుర్తుపట్టారు కాబట్టి ఈ ఉత్తరాన్ని ఇప్పటికి పక్కన పెడుతున్నాను." అవతల ఎవరో చప్పట్లు కొట్టారు, ఆయన ఆపమన్నాడు. "కానీ అమ్మా, ఇది ఇక్కడితో ఆగదు. ఒక మనిషి పేరుతో దొంగ సంతకం పెట్టి ప్రభుత్వ విచారణకు సమర్పించారంటే అది నేరం. పోలీసులకు పంపాల్సిందే. నేను అడిగేది ఆలోచించుకుని చెప్పండి. మీకు ఎవరి మీద అనుమానం? ఈ సంతకం పెట్టిందెవరో మీకు తెలుసా?"

విజేందర్ ఆమె ఎదురుగా నిలబడి తల అడ్డంగా ఊపాడు. ఒకసారి, రెండుసార్లు. పెదవులతో మాత్రం "వద్దు" అన్నాడు. అతని ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి, ఇసుక అంటుకుని ఉంది. కాసేపటి క్రితం ఆ నీళ్ళలోనే తన చెయ్యి పట్టుకున్నాడు.

రూతు లేచి వచ్చి తల్లి కొంగు పట్టుకుంది.

"మమ్మీ, డాడీ ఏం చేసిండు?"

స్వర్ణ కూతురి తల మీద చెయ్యి వేసింది. పేరు చెబితే అతను జైలుకు పోతాడు. చెప్పకపోతే ఆ ఉత్తరం ఎవరిదో తేలదు, రఘుపతి రేపు ఇంకో ఉత్తరం తెస్తాడు, తండ్రి మళ్ళీ తల దించుకుంటాడు. పన్నెండేళ్ళలో అతను చేసిన మంచి ఒక్కటీ ఆమె మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే ఇప్పుడింత కష్టంగా ఉండేది కాదు.

"అమ్మా, వింటున్నారా?" అన్నాడు అధికారి.

"వింటున్న సార్. సంతకం పెట్టినాయన ఇక్కడనే ఉన్నడు, నా ఎదురుంగ. నేను చెప్తే నా మాట అయితది. ఫోన్ ఆయనకే ఇస్తున్న. ఆయననే చెప్పనీయుండ్రి."

చాపిన ఆమె చేతిలో ఫోన్. విజేందర్ దాన్ని చూశాడు, తల్లిని చూశాడు. యాదమ్మ కళ్ళు తుడుచుకుంటూ కొడుకు వైపు ఒక్క మాట అంది. "తీస్కో."

తీసుకున్నాడు. అతని చెవి దాకా పోకముందే ఫోన్లోంచి అధికారి గొంతు బయటికి వచ్చింది.

"హలో. ఎవరండీ మాట్లాడేది? మీ పేరు చెప్పండి."

ఆరు వందల కిలోమీటర్ల అవతల రాళ్ళకుంట ఊరంతా వింటోంది. ఇక్కడ భార్యా, తల్లీ, కూతురూ అతని మొహంలోకే చూస్తున్నారు. విజేందర్ పెదవులు విడిపోయాయి.